నల్గొండ నుంచి అస్సీసి మఠానికి: ఏ వరుసలో చూడాలి?

రోమ్ తిరుయాత్రలో ఇటలీలోని అస్సీసికి, అంటే పునీత ఫ్రాన్సిస్ ఊరికి, రెండు గంటలే కేటాయించే ప్యాకేజీకి ఒప్పుకోకండి. గుట్ట మీది గుడి ఫొటో తప్ప ఏం మిగలదు. ఒక రాత్రయినా అక్కడ ఉండేలా మాట్లాడుకోండి.

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. గడువు 15 రోజుల ముందు వరకు ఉన్నా, అంతదాకా ఆగితే అపాయింట్‌మెంట్ దగ్గరే చిక్కుకుంటారు. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు.

రోమ్ తెర్మినీ స్టేషన్ నుంచి రైలులో రెండు గంటలు దాటుతుంది. నేరుగా వెళ్లేది దొరక్కపోతే ఫోలిన్యోలో మారాలి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందే ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా.

రైలు దిగేది మైదానంలో, ఊరు గుట్ట మీద. అందుకే ముందు స్టేషన్ దగ్గరి సాంతా మరియా గుడి చూసేయండి. ఆ పెద్ద గుడి లోపలే పునీత ఫ్రాన్సిస్ తన చేతులతో బాగుచేసుకున్న పోర్సియుంకుల అనే చిన్న గుడి ఉంది. 1226 అక్టోబర్ 3న ఆయన కన్నుమూసిన చోటు ఆ పక్కనే. మధ్యాహ్నం కొన్ని గంటలు మూస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. తర్వాత బస్సులో గుట్ట ఎక్కొచ్చు.

పైన మఠాన్ని ఆనుకుని ఒకదానిమీద ఒకటిగా రెండు గుళ్లు. కట్టడం మొదలైంది 1228లో. ముందు కింది గుడికి వెళ్లండి. లోపల చీకటి, కళ్లు అలవాటుపడేదాకా కాసేపు కూర్చోవాలి. అక్కడి నుంచి మెట్లు దిగితే ఫ్రాన్సిస్ సమాధి. 1230లో దాచిపెట్టిన ఆయన శవపేటిక మళ్లీ బయటపడింది 1818లోనే. మొక్కుకునేది ఇక్కడే, తొందరపడకండి.

పైగుడిలో ఫ్రాన్సిస్ జీవితం 28 చిత్రాల్లో ఉంది. చాలామంది తలుపు దగ్గర మొదలుపెట్టి కథ నడిమిట్లో పడతారు. పీఠం వైపు ముఖం పెడితే కుడి గోడలో, పీఠానికి దగ్గరున్న చిత్రమే మొదటిది. అక్కడి నుంచి తలుపు దాకా వచ్చి ఎడమ గోడ వెంట తిరిగి వెళ్లాలి. పక్షులకు ప్రసంగం తలుపున్న గోడ మీదే ఉంటుంది, వెనక్కి తిరిగితేనే కనబడుతుంది. 1997 భూకంపంలో కూలి, అతికించిన కప్పు భాగాలను కూడా తలెత్తి చూడండి.

ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్‌కు ఏ ఇబ్బందీ లేదు. మన దగ్గరలా చెప్పులు విప్పే పని లేదు, ముసుగూ అడగరు. లోపల మాటలు, ఫొటోలు వద్దంటారు. గట్టిగా జపమాల చెప్పే బృందాన్ని కూడా ఆపుతారు, నొచ్చుకోకండి. మీతో వచ్చిన ఫాదర్ గారు తెలుగులో పూజ చేయాలంటే ముందే రాసి అడగాలి.

ఊరి కింద ఉన్న సాన్ దమియానో గుడికి దిగడం తేలికే, తిరిగి ఎక్కేటప్పుడే పెద్దవాళ్ల మోకాళ్లు మొరాయిస్తాయి. కార్చేరి ఆశ్రమం ఇంకో 4 కిలోమీటర్లు పైకి, దానికి టాక్సీయే మేలు.