ఇంగ్లీషులో ప్రాజెక్ట్ రిపోర్టా? గ్రాఫ్ దగ్గర మొదలుపెట్టండి

తిరుపతిలో ఎస్వీయూలోనో, ఐఐటీలోనో, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనో చదువుతూ, ప్రాజెక్ట్ రిపోర్ట్ అనగానే టెన్షన్ పడే పిల్లలకు ఒక మాట. ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టకండి. అన్నిటికంటే కష్టమైన భాగం అదే. చాలామంది అక్కడే ఆగిపోయి, చివరికి నెట్‌లోంచి కాపీ చేస్తారు.

ముందు మీ గ్రాఫ్ తీయండి. అందులో ఏముందో పక్కనున్న ఫ్రెండ్‌కి తెలుగులోనే చెప్పండి. "కాంక్రీట్ క్యూబ్‌కి 7 రోజులకే సగానికి పైగా బలం వచ్చేసింది, ఆ తర్వాత 28 రోజుల దాకా నెమ్మదిగా పెరిగింది" అని. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటే ఇంకా మంచిది. తర్వాత అదే సంగతి ఇంగ్లీషులో రాయండి, ఒక్కో వాక్యంలో ఒక్కో విషయం. తెలుగులో "పోసి, నీళ్లలో ఉంచి, కొలిచి" అంటూ ఎంత పొడవైనా లాగొచ్చు. ఇంగ్లీషులో అలా లాగితే కర్త ఒకచోట, క్రియ ఒకచోట పడి చదివేవాళ్లకు అర్థం కాదు. రెండూ దగ్గరగా ఉంచండి. మీరు చేసిన పని భూతకాలంలో, గ్రాఫ్ చూపించేది వర్తమానంలో: "వుయ్ టెస్టెడ్", "ఫిగర్ 2 షోస్". ఆపైన మెథడ్స్ (పని ఎలా చేశారో), తర్వాత ఇంట్రడక్షన్, అన్నిటికంటే ఆఖరున అబ్‌స్ట్రాక్ట్ (రిపోర్ట్ సారాంశం) రాయండి.

లెక్చరర్లకూ ఒక విన్నపం. పేజీ అంతా ఎర్ర ఇంకుతో నింపకండి. ఈసారి టెన్సులు మాత్రమే, వచ్చేసారి ఆర్టికల్స్ (ఎ, యాన్, ద) మాత్రమే దిద్దండి. తెలుగు మీడియంలో చదివి పల్లెల నుంచి వచ్చిన పిల్లలు సబ్జెక్టులో ఎవరికీ తీసిపోరు. మీరు దిద్దింది చూసి వాళ్లకి మళ్లీ రాయాలనిపించాలి.