హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నెమలి ఆటను సరిగ్గా చూడటం ఎలా?

నెమలి పురి విప్పగానే అందరం ఫోన్లు తీసి దానివైపే తిప్పుతాం. అది ఎవరి కోసం ఆడుతోందో ఆ ఆడ నెమలి పక్కనే ఎండుటాకుల రంగులో కలిసిపోయి ఉంటుంది. దాన్ని చూడకపోతే సగం ఆట పోయినట్టే.

ముందు కాలం చూసుకోండి. ఎండలు ముదిరినప్పటి నుంచి తొలకరి వానల దాకా మంచి సమయం. వానాకాలం ముగిసేసరికి పింఛం రాలిపోతుంది. ఏటా ఇంతే, మళ్లీ కొత్తది రావాలి. మనం తోక అనుకునేది నిజానికి తోక కాదు, దాని పైభాగంలోని ఈకలు. అసలు తోక పొట్టిగా, మట్టి రంగులో ఉండి పురిని వెనక నుంచి నిలబెడుతుంది.

పొద్దున్నే గేటు తెరిచే వేళకు వెళ్లండి. ఇయర్‌ఫోన్స్ తీసేయండి. ఒక చోట నుంచి రెండు మూడు అరుపులు వినిపిస్తే అటు నడవండి, కానీ ట్రాక్ దిగొద్దు. మగవి దగ్గర దగ్గరగా తలా కాస్త చోటు పట్టుకుని ఆడతాయి. ఇలా మగవన్నీ చేరి ఆడే చోటును శాస్త్రవేత్తలు లెక్ అంటారు. గుజరాత్‌లోని వెలవదర్ గడ్డిమైదానంలో కృష్ణజింకలదీ ఇదే పద్ధతి. పెళ్లిచూపులే, కాకపోతే ఇక్కడ తిరిగి చూసేది పెళ్లికూతురు.

ఓ ఇరవై అడుగుల దూరంలో ఆగి, కదలకుండా నిలబడండి. ఆడ నెమలి వస్తుంటే మగది వీపు తిప్పేస్తుంది. అలిగిందనుకుని చాలామంది వెళ్లిపోతారు, నేనూ మొదట్లో అలాగే వెళ్లిపోయాను. అప్పుడే దాని రెక్కల్లోని ఇటుక రంగు ఈకలు చూడాలి, టపటపా కొట్టుకుంటుంటాయి. ఆడది దగ్గరికి రాగానే గిరుక్కున తిరిగి పురి మొత్తాన్ని వణికిస్తుంది, సెకనుకు దాదాపు 25 సార్లు. ఎండు తాటాకు ఊపినట్టు గలగలమంటుంది. ఒక్క నెమలికన్ను మీదే చూపు నిలపండి. చుట్టూ ఈకంతా వణుకుతున్నా ఆ కన్ను కదలనట్టే ఉంటుంది! నాకైతే ఆటంతటిలో ఇదే ఇష్టం.

ఇప్పుడు ఆడదాన్ని చూడండి. పట్టనట్టు గింజలు ఏరుకుంటూ ఉంటుంది. చాలాసార్లు అలాగే పక్క మగదాని చోటుకు నడిచిపోతుంది. నచ్చితే జత కడుతుంది, ఆ తర్వాత మగదానికి పనేమీ లేదు. గుడ్లు పొదగడం, పిల్లల్ని పెంచడం అంతా ఆడదే.

మొన్నొకాయన "మగదాని కన్నీళ్లు తాగితేనే వాటికి గుడ్లు పడతాయి బాబూ" అన్నారు. లేదండీ, మిగతా పక్షుల్లాగే జత కడతాయి.

మరమరాలు వేయొద్దు, విజిల్ వేయొద్దు. అది నేషనల్ పార్కు కాబట్టి రాలిన ఈకనూ తీసుకెళ్లొద్దు.

ఆడది వెళ్లిపోయాక కూడా ఒక్క నిమిషం ఆగండి. మగది పురి దించకుండా, ఆ ఖాళీ చోటు ముందే ఇంకాసేపు వణికిస్తూ నిలబడుతుంది.