అట్ట విమానం ఎక్కడ తేడా కొట్టింది?

ప్రింట్ చేసిన కార్డు షీట్లు కత్తిరించి అంటించే విమానంలో తప్పు ఒకచోట జరుగుతుంది, ఇంకోచోట బయటపడుతుంది. ముక్కు మూసుకోకపోతే అందరూ జిగురును అనుమానిస్తారు. అసలు పొరపాటు జిరాక్సు షాపులోనే జరిగి ఉండొచ్చు. ఇక్కడ ఉదాహరణకు రేణిగుంటలో దిగే ఏటీఆర్ 72 అనే చిన్న ప్రయాణికుల విమానాన్ని తీసుకున్నాం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 27.05 మీటర్లు. 1:100 స్కేలులో 27 సెంటీమీటర్లు. ఏ4 షీటు పొడవు 29.7 కాబట్టి రెక్క ఒకే షీటులో పడుతుంది.

ముక్కలు ఒకదానికొకటి కలవడం లేదు

కొన్ని షీట్లు అసలు సైజులో, కొన్ని ‘ఫిట్ టు పేజ్’లో ప్రింటయ్యాయి. 96 శాతానికి కుదిస్తే 27 సెంటీమీటర్ల రెక్క 25.9కి దిగుతుంది. ‘యాక్చువల్ సైజ్, 100 శాతం’ అని షాపులో ముందే చెప్పండి. షీటు మీది కొలత గీతను అక్కడే స్కేలు పెట్టి చూసుకోండి. అన్ని షీట్లూ ఒకే శాతంలో కుదించి ఉంటే ఇబ్బంది లేదు, విమానం కాస్త చిన్నదవుతుంది. రెండు సైజులు కలిసిపోతే మాత్రం మళ్లీ ప్రింట్ తీయించాల్సిందే. అంచులు కోసి సర్దబోతే రెక్క, బాడీ రెండూ పాడవుతాయి.

లోపలి బిళ్ల బాడీలో దూరడం లేదు

బాడీ గుండ్రంగా నిలవడానికి లోపల పెట్టే గుండ్రటి అట్టముక్కే బిళ్ల. అది దూరకపోతే కార్డు మందం మారిందన్నమాట. 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని) కార్డు సుమారు 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది, 300 జీఎస్ఎం సుమారు 0.35. పలుచటి కార్డుకు గీసిన బాడీని మందపు కార్డు మీద తీస్తే, చుట్టినప్పుడు లోపలి చుట్టుకొలత దాదాపు అర మిల్లీమీటరు తగ్గుతుంది. బిళ్లను బలవంతంగా నెట్టకండి, అతుకు విడిపోతుంది. 220 నంబరు గరుకు కాగితం మీద బిళ్ల అంచును తిప్పుతూ కొద్దికొద్దిగా అరగదీసి, మధ్యమధ్యలో పెట్టి చూడండి. వదులైతే అంచు చుట్టూ సన్నటి కాగితం పట్టీ అంటించండి. బిళ్లలకు పాత శుభలేఖల అట్ట బాగా పనికొస్తుంది.

బాడీ గుండ్రంగా రాక పలకలుగా విరుగుతోంది

కాగితంలో పోగు ఒక దిక్కుగా ఉంటుంది. షీటును విరగకుండా రెండు వైపులా కొంచెం వంచి చూడండి. సులువుగా వంగినప్పుడు మడత ఏ దిక్కున పడుతుందో పోగు ఆ దిక్కున ఉన్నట్టు. బాడీ పొడవు ఆ దిక్కునే ఉండాలి. కత్తిరించిన ముక్కను పాత నోట్‌బుక్కు మీద పెట్టి చపాతీ కర్రతో మెల్లగా దొర్లించండి. ఈ స్కేలులో ఏటీఆర్ బాడీ అడ్డకొలత దాదాపు 29 మిల్లీమీటర్లు, సన్నటి చపాతీ కర్ర కొలతే. తడి చేసి మాత్రం చుట్టకండి.

అంటించాక అట్ట ముడతలు పడి వంకర తిరిగింది

మన ప్రాంతంలో ఎక్కువ విమానాలు పాడయ్యేది ఇక్కడే. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. తడిసిన వైపు పోగు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుని అట్టను తనవైపు లాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా కార్డు గాలిలోని చెమ్మనే పీల్చుకుని మెత్తబడుతుంది. మే ఎండల్లో ఫ్యాను కింద జిగురు ముక్క పెట్టేలోపే ఎండిపోతుంది.

జిగురులో నీళ్లు కలపకండి. టూత్‌పిక్ కొనతో చుక్క తీసుకుని, చెవి (అంటించడానికి అంచున వదిలిన మడత ముక్క) మీద పలుచగా పూసి, ఇరవై ముప్పై సెకన్లు ఆగి, జిగట పట్టాక నొక్కండి. వేసవిలో ఫ్యాను ఆపి ఒక్కో చెవే అంటించండి. వానాకాలంలో షీట్లను పాలిథిన్ కవర్లో పరిచి, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. పెద్ద వెడల్పు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించడానికి ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు మేలు, అందులో నీళ్లుండవు. రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాక ఒకేసారి సరిగ్గా పెట్టాలి, తర్వాత జరపడం కుదరదు. కిటికీ తెరిచి ఉంచండి. మైదా జిగురు వద్దు: చెమ్మ ఎక్కువ, పైగా బొద్దింకలకు విందు.

ఇప్పటికే వంకర తిరిగిన ముక్కను రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి. ఎండలో పెడితే ఇంకా మెలికపడుతుంది.

రెక్క కొసలు వాలుతున్నాయి, లేదా మెలితిరిగాయి

మెలికకు కారణం వెనక అంచును గాలిలో పట్టుకుని అంటించడం. గాజు పలక మీద పరిచి అంటించండి, జిగురు ఆరేదాకా కదపకండి. వాలడానికి కారణం లోపల వెన్నెముక లేకపోవడం. ఏటీఆర్ రెక్క బాడీ పైనుంచి వెళ్తుంది కాబట్టి ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే దూలం వేయొచ్చు. రెండు ఎండు కొబ్బరి ఈనెలు తీసుకుని, ఒకదాని మందపు కొస రెండోదాని సన్నకొస పక్కన వచ్చేలా కలిపి, రెక్క మూసేముందే లోపల అంటించండి.

మడతల దగ్గర రంగు రాలి తెల్లగీత కనిపిస్తోంది

లేజర్ ప్రింటు రంగు కాగితం పైనే ఉంటుంది, అందుకే మడిస్తే పగులుతుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట గీత నొక్కి, ఆ తర్వాతే మడవండి. కత్తిరించిన అంచులకు అంటించే ముందే స్కెచ్ పెన్ను తగిలించండి. నలుపు కంటే బూడిదరంగు కంటికి బాగా కలిసిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటు తడికి చెదురుతుంది కాబట్టి కత్తిరించకముందే మ్యాట్ స్ప్రే రెండు పలుచటి పూతలు వేయండి.

చక్రాల మీద నిలబడక తోక మీద కూర్చుంటోంది

ముక్కులో బరువు చాలలేదు. ముక్కు మూసేముందే చక్రాలు తాత్కాలికంగా పెట్టి చూసి, లోపల సైకిల్ బేరింగ్ గుండ్లు ఒక్కోటే అంటిస్తూ పోండి. ముక్కు చక్రం నేలను తాకిన తర్వాత ఇంకొకటి వేసి ఆపండి. ముక్కు అప్పటికే మూసేసి ఉంటే ఇంజిన్ గూళ్ల ముందు భాగం వాడుకోండి, అవి ప్రధాన చక్రాల కంటే ముందుంటాయి. అవీ మూసేశారా? తోక కింద సన్నటి అట్ట ఊతం నిలబెట్టండి. ప్రయాణికులు ఎక్కే తలుపు వెనకవైపు ఉండటంతో అసలు ఏటీఆర్‌కు కూడా ఆగినప్పుడు తోక కింద అలాంటి ఊతమే పెడతారు.