నల్లా నీళ్లు కంపు కొడుతున్నాయా, బోరు నీళ్లు రంగు మారాయా? ముందు ఎక్కడ చెడిందో పట్టుకోండి

నీళ్లు తేడాగా ఉన్నాయనగానే మన హైదరాబాద్ ఇళ్లలో మొదట చేసే పని ఫిల్టరు కొనడం. అది రెండో పనిగా ఉండాలి. నీళ్లు ఎక్కడ చెడుతున్నాయో తెలియకుండా కొన్న ఫిల్టరు మీ గ్లాసుకు మాత్రమే కాపలా కాస్తుంది. స్నానానికి, గిన్నెలకు, పనమ్మాయి తాగే బిందెకు అవే చెడ్డ నీళ్లు వెళ్తుంటాయి. బోరు విషయంలోనైతే మీ ఇంటి కింద పాడైన నీళ్లే పక్కింటి బోరులోకీ చేరతాయి. అందుకే లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి మరమ్మతుకు వెళ్దాం.

ముందు రెండు చిన్న వస్తువులు దగ్గర పెట్టుకోండి. ఒకటి క్లోరిన్ పరీక్ష కిట్. చిన్న గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే క్లోరిన్ అంత ఎక్కువ. రెండోది బ్యాక్టీరియా పరీక్ష సీసా, దీన్నే హెచ్‌టూఎస్ సీసా అంటారు. గీత వరకు నీళ్లు పోసి ఇంట్లోనే వెచ్చగా ఉన్నచోట 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నల్లగా మారితే మలసంబంధ బ్యాక్టీరియా ఉన్నట్టే అనుకుని జాగ్రత్త పడాలి. చాలామంది దగ్గర ఉండే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మోతాదు మాత్రమే చెబుతుంది. మోరీ నీళ్లు కాస్త కలిసినా మీటరు 300 చూపించి ఊరుకోవచ్చు. మీటరు అంకె చూసి నీళ్లు మంచివని నమ్మకండి.

నల్లా వదలగానే మొదటి కొన్ని నిమిషాలు మురికిగా, కంపుగా వస్తున్నాయి

మన ఊరికి కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తాయి. మంజీరా, సింగూరు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉండనే ఉన్నాయి. ఆ నీళ్లను శుద్ధి చేసి, క్లోరిన్ కలిపే వదులుతారు. అంత దూరం బాగానే వచ్చిన నీళ్లు చెడేది చాలాసార్లు ఆఖరి వంద అడుగుల్లో, అంటే వీధి పైపు నుంచి మీ సంపు దాకా ఉన్న కనెక్షన్ పైపులో.

కారణం మన సరఫరా పద్ధతిలోనే ఉంది. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో నీళ్లు వదులుతారు. మిగతా సమయం పైపు ఖాళీ. పైపు నిండుగా, ఒత్తిడితో ఉన్నప్పుడు చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. ఖాళీ అయినప్పుడు అదే చిల్లులోంచి బయటి మురికి లోపలికి వస్తుంది. దీనికి తోడు నల్లాకు నేరుగా మోటారు బిగించారా, ఇక చెప్పక్కర్లేదు. మోటారు పైపును పీలుస్తుంది, పైపు మోరీని పీలుస్తుంది. నీళ్లు ఎక్కువ రావాలని పెట్టిన మోటారు మీ సంపులోకే కాదు, వీధిలో ప్రతి ఇంటికీ మురికి తెస్తుంది. నల్లాకు మోటారు పెట్టడం నిబంధనలకు విరుద్ధం కూడా. నగరానికి నీళ్లిచ్చే జలమండలి వాటిని పట్టుకుని జప్తు చేస్తుంది, జరిమానా వేస్తుంది.

మా వీధిలో ఒక ఇంటి కనెక్షన్ తవ్వితే పాత జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు మోరీ అడుగు నుంచే పోతూ కనిపించింది. తుప్పు పట్టి పైపు పొరలు పొరలుగా ఊడిపోయింది. ఒకచోట ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దానిమీద ఇనప తీగ బిగించారు. ఆ ట్యూబు కింద సూది బెజ్జాలు, వాటి చుట్టూ నల్లటి బురద. "అన్నా, ఇన్నేళ్లు దీంట్లకెళ్లే తాగిండ్రు" అన్నాడు ప్లంబరు. ఆ ఇంటివాళ్లు ఏడాదికోసారి ఫిల్టరు క్యాండిల్ మారుస్తూనే ఉన్నారు.

పట్టుకునే పద్ధతి ఇది. నీళ్లు వదిలిన రోజు నాలుగు చోట్ల క్లోరిన్ చూడండి: నల్లా దగ్గర, సంపులో, పైన ట్యాంకులో, వంటింట్లో. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నల్లా దగ్గరే పసుపు రంగు రాకపోతే, పక్కింటి నల్లా దగ్గర కూడా చూడండి. వాళ్లకూ రాకపోతే వీధి లైనులో తేడా. వాళ్లకు వచ్చి మీకు రాకపోతే మీ కనెక్షన్ పైపే. నల్లా దగ్గర వచ్చి సంపులో రాకపోతే సంపును అనుమానించండి. ట్యాంకులో రెండు రోజులు ఎండకు నిలవున్న నీళ్లలో క్లోరిన్ దానంతటదే తగ్గిపోతుంది, కాబట్టి అక్కడ సున్నా రాగానే కంగారు పడకుండా హెచ్‌టూఎస్ సీసాతో చూడండి.

వీధి లైనులో తేడా అయితే జలమండలి కస్టమర్ కేర్ 155313కు ఫోన్ చేయండి. "నీళ్లు బాగాలేవు" అని ఊరికే చెప్పకండి. ఎన్ని ఇళ్లలో, నీళ్లు వదిలాక ఎంతసేపు, మోరీ ఎక్కడ ఆనుకుని ఉంది, క్లోరిన్ వచ్చిందా లేదా, ఇవన్నీ చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ వివరాలుంటే లైన్‌మ్యాన్ ఎక్కడ తవ్వాలో వెతుక్కోనక్కర్లేదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. నీళ్లు కంపు కొడుతున్నాయంటే అది చిన్న ఫిర్యాదు కాదు. మీ కనెక్షన్ పైపులోనే తేడా అయితే మోరీకి దూరంగా, వీలైతే మోరీ కన్నా పైనుంచి కొత్త పైపు వేయించండి. తప్పనిసరిగా మోరీ దాటాల్సిన చోట దాని చుట్టూ ఇంకో పెద్ద పైపు తొడగండి. అతుకు మోరీలో పడకూడదు.

బాగయ్యేదాకా మొదట వచ్చే నీళ్లను సంపులోకి వదలకుండా బయటికి పోనివ్వండి. తాగే నీళ్లను తెర్లే దాకా మరిగించి, ఆ తర్వాత ఒక నిమిషం ఉంచండి.

నీళ్లు తేటగానే ఉన్నాయి, కానీ ఇంట్లో తరచూ విరేచనాలు

సంపు చూడండి. మన దగ్గర చాలా సంపుల మూత కార్ పార్కింగ్ నేలతో సమానంగా ఉంటుంది. వానాకాలంలో ముంగిట్లో నీళ్లు, బండి కడిగిన నీళ్లు మూత అంచుల్లోంచి దిగుతాయి. పక్కనే డ్రైనేజీ చాంబరు ఉండి, గోడకు పగులుంటే ఇక లోపల్నుంచే ఊరుతుంది. తెల్లవారుజామున మోటారు వేయకముందు సంపులో మట్టం గుర్తు పెట్టుకోండి. నల్లా రాకుండానే మట్టం పెరిగితే బయటి నీళ్లు వస్తున్నట్టు.

మూత చుట్టూ అరడుగు గట్టు కట్టించి, గట్టి మూత పెట్టండి. లోపలి పగుళ్లకు వాటర్‌ప్రూఫ్ సిమెంటు. ఆ తర్వాత కడిగి క్లోరినేషన్ చేయండి. వెయ్యి లీటర్లకు సుమారు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. ఇంట్లో ప్రతి పంపులో బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, మర్నాడు మొత్తం తీసేయాలి. ఆ నీళ్లు మోరీలోకే, ఇంకుడు గుంతలోకి కాదు. బ్లీచింగ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ బాత్‌రూం యాసిడ్‌తో కలపకండి, విషవాయువు పుడుతుంది. సంపులోకి దిగే మనిషి కోసం పైన ఇంకో మనిషి ఉండాల్సిందే. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి. సంపుల్లో ఊపిరాడక చనిపోయిన కూలీల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

సబ్బు నురగ రాదు, గీజరులో తెల్లటి పొర

కఠిన జలం. రాతి నేలలోంచి వచ్చే కాల్షియం, మెగ్నీషియం. బట్టలకు, గీజరుకు నష్టం కానీ ఆరోగ్యానికి పెద్ద టెన్షన్ లేదు. సాఫ్ట్‌నర్ పెట్టుకోవచ్చు.

బోరు నీళ్లు పట్టినప్పుడు తేట, కాసేపటికి ఎర్రబడుతున్నాయి

కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పులా మారుతోంది. నీళ్లకు గాలి బాగా తగిలేలా చేసి, ఇసుక ఫిల్టరులోంచి పంపితే పోతుంది. పట్టగానే ఎర్రగా ఉంటే మాత్రం భూమిలో ఇనుము కాకపోవచ్చు, కేసింగో (బోరు గోడలు కూలకుండా దించే గొట్టం) లోపలి పైపో తుప్పు పట్టి ఉంటుంది.

వాన పడగానే బోరు నీళ్లు బురదగా వస్తున్నాయి

బోరు అంటే లోతు నీళ్లు, కాబట్టి వానకు సంబంధం ఉండకూడదు. ఉందంటే పైనీళ్లు నేరుగా దిగుతున్నట్టే. మన కింద గ్రానైట్. పైన మెత్తటి నేల, దాని కింద ముక్కలైన రాయి, ఆ కింద గట్టి రాయి. కేసింగు గట్టి రాయి తగిలేదాకా దిగి, దాని చుట్టూ సందు సిమెంటుతో మూసి, పైన నేలకన్నా ఒక అడుగు ఎత్తుండాలి. డబ్బు కలిసొస్తుందని కేసింగు పైపులు నాలుగు తగ్గించి దించిన చోటే ఈ బాధ. పైన గట్టు, సిమెంటు దిమ్మె వేయించి, కేసింగుకు మూత పెట్టి, బోరును క్లోరినేషన్ చేయించి మళ్లీ పరీక్షకు పంపండి. ఇంకుడు గుంత బోరును ఆనుకుని ఉందేమో కూడా చూడండి. డాబా మీది వాన నీళ్లు ఇసుక, కంకర పొరల్లోంచి దిగాలి. వాకిలి కడిగిన నీళ్లు, బట్టల నీళ్లు అందులోకి వెళ్తే అది ఇంకుడు గుంత కాదు, మురికిని భూమిలోకి పంపే దారి.

బోరు నీళ్ల టీడీఎస్ ఏటేటా పెరుగుతోంది, కాస్త ఉప్పగా అనిపిస్తోంది

నా మటుకు నాకు అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే లక్షణం ఇదే, ఎందుకంటే దీనికి వాసన లేదు, రంగు లేదు. ల్యాబ్ రిపోర్టులో రెండు గళ్లు పక్కపక్కన చూడండి: నైట్రేటు, క్లోరైడు. రెండూ కలిసి పెరిగితే అది మరుగుదొడ్డి నీళ్ల ఆనవాలు. మన ఒంట్లోంచి పోయే నత్రజని నేలలో నైట్రేటుగా మారుతుంది, నీళ్లలో సులువుగా కరిగి కిందికి దిగిపోతుంది. పొలాల దగ్గరైతే ఎరువును అనుమానించాలి. మన కాలనీల్లో పొలాలెక్కడివి? కారుతున్న డ్రైనేజీ లైను, సెప్టిక్ ట్యాంకు పక్కన తవ్విన గుంత, దగ్గర్లో నాలా, ఈ మూడే.

నైట్రేటు పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. దానికి సడలింపు లేదు. మరిగిస్తే తగ్గదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్‌తో పోదు. యూవీ ఫిల్టరుతో పోదు. ఆర్‌వో తగ్గిస్తుంది. ఆరు నెలల లోపు పసిపిల్లల పాలపొడి ఈ నీళ్లతో కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. ఆ ఇంట్లో ముందు పాప నీళ్లు మార్చండి, మిగతావి తర్వాత.

అసలు మరమ్మతు మాత్రం భూమ్మీద జరగాలి. బోరుకు, సెప్టిక్ ట్యాంకుకు కనీసం 15 మీటర్లు దూరం అంటారు కానీ, పగుళ్ల రాయిలో మురికి అంతకన్నా దూరం పోగలదు. సెప్టిక్ ట్యాంకు అడుగు సిమెంటు చేసి ఉండాలి. శివారు కాలనీల్లో అడుగు లేని గుంతలే ఎక్కువ. భూగర్భ డ్రైనేజీ వీధిలోకి వచ్చాక కూడా ఖర్చని కనెక్షన్ తీసుకోని ఇళ్లుంటే, వాళ్లతో కాలనీ సంఘం కూర్చుని మాట్లాడాలి. వాళ్ల గుంత మీ బోరు.

పళ్లపై పసుపు, గోధుమ రంగు మచ్చలు

ఫ్లోరైడు. నల్లగొండ వైపు ఎంత ఏడిపించిందో తెలిసిందే. శివార్ల బోర్లలోనూ చూసుకోవాలి. లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, 1.5 దాటితే తాగొద్దు. ఇదీ మరిగిస్తే పోదు. నల్లా నీళ్లు తాగి, బోరు వాడకానికి ఉంచుకోండి.

రంగు, నురగ, మందుల వాసన, పెట్రోలు వాసన

ఇంట్లో ప్రయోగాలు చేయకండి. వెంటనే తాగడం, వండడం ఆపండి. పటాన్‌చెరు, కాజీపల్లి, జీడిమెట్ల చుట్టుపక్కల భూగర్భజలం పరిశ్రమల వ్యర్థాలతో ఎంత చెడిందో దశాబ్దాలుగా కోర్టుల్లో నలిగింది. పటాన్‌చెరు దగ్గర వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఇలాంటివి ఇంటి ఆర్‌వోను నమ్ముకుని తాగేవి కావు. తేదీ, సమయం, ఫొటోలతో సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, స్టాంపు వేసిన కాపీ తీసుకోండి.

శాంపిల్ ఎలా పట్టాలి

నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అనే ప్రభుత్వ సంస్థలో నీటి పరీక్షలు చేస్తారు. ల్యాబులకు ప్రమాణాలు చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబువాళ్లిచ్చే శుభ్రమైన సీసానే వాడండి. ఇంట్లో ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్తే ఆ రిపోర్టు దండగ. పంపు మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు వదిలి, మూత లోపల వేలు తగలకుండా పట్టి, ఐస్‌లో పెట్టి, ఆరు గంటల్లోపు అందించండి. రసాయన పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపితే చాలు. ఫిల్టరు తర్వాతి నీళ్లు కాదు, ముందువి ఇవ్వండి. ఎండాకాలం చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది.

ఎండిపోయిన బోరు

ఇది లక్షణం కాదు కానీ పైవాటిలో సగానికి మూలం ఇక్కడే ఉండొచ్చు. నీళ్లు పడని బోరులోకి డ్రైనేజీ నీళ్లు వదిలేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. మోరీ పొంగదు, ఎవరికీ కనపడదు, కానీ ఆ మురికి నేల వడపోత దాటేసి నేరుగా రాతి పగుళ్లలో పడుతుంది. అలాంటిది కనిపిస్తే మొహమాటపడకుండా ఆపించండి. పనికిరాని బోరును మూయాలంటే మోటారు, పైపులు బయటికి తీసి, బ్లీచింగ్ నీళ్లు పోసి, గట్టి రాయి ఉన్నంత మేర శుభ్రమైన కంకర నింపి, దానిపైన బంకమట్టి, చివరి కొన్ని అడుగులు సిమెంటు కాంక్రీటు వేయాలి. ఇంట్లో చెత్త, కూల్చిన గోడల రాళ్లు అందులో వేయకండి. మూశాక ఆ చోటు ఇంటి కాగితాల్లో గుర్తుపెట్టి ఉంచితే, రేపు కొత్త బోరు వేసేవాళ్లు, సెప్టిక్ ట్యాంకు తవ్వేవాళ్లు దాన్ని తప్పించుకుంటారు.