అక్టోబర్‌లోనే మంచు తుఫాను హెచ్చరిక వస్తే: జాగ్రత్తలు

2011 అక్టోబర్ 29న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఆకులు పూర్తిగా రాలకముందే తడిమంచు కురిసింది. బరువంతా ఆకుల మీద నిలవడంతో కొమ్మలు ఫెళఫెళా విరిగి తీగల మీద పడ్డాయి. 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కనెక్టికట్‌లో కొందరికైతే వారం దాటినా రాలేదు. న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో ఉండే మనవాళ్లు హెచ్చరిక వినగానే ఇవి చూసుకోండి.

- అన్నిటికన్నా ముందు జనరేటర్. గరాజ్‌లో వద్దు, తలుపు బార్లా తెరిచినా వద్దు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటివైపు తిరగకుండా పెట్టండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారంలో కొత్త బ్యాటరీ వేయండి. చలికి తట్టుకోలేక బొగ్గుల గ్రిల్ లోపలికి తేవడం కూడా అంతే ప్రమాదం.
- జనరేటర్ వైరును గోడ ప్లగ్‌లో పెట్టకండి. ఆ కరెంటు బయటి తీగల్లోకి వెనక్కి పారి లైన్‌మెన్‌ను చంపగలదు.
- ఇంటికి బోరు నీళ్లే ఆధారమైతే మోటారు ఆగిపోతుంది. బాత్‌టబ్ ముందే నింపుకోండి.
- తలుపు తీయకపోతే ఫ్రిజ్ చల్లదనం 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌ది 48 గంటలు. ఇడ్లీ పిండి పులిసిందా అని మాటిమాటికీ చూడటం మానాలి మరి!
- కారు చెట్టు కింద ఉంచకండి. ట్యాంకు నింపండి, కరెంటు లేకపోతే బంకులూ పనిచేయవు.
- తెగిపడిన తీగలో కరెంటు లేనట్టు కనిపించినా దగ్గరికి పోవద్దు.