టమ్మీ టక్ తర్వాత: డ్రెయిన్, బెల్టు, వంగి నడక

టమ్మీ టక్ బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. కాన్పుల తర్వాత వేలాడే చర్మాన్ని కోసి, ఎడమైన పొట్ట కండరాలను దగ్గరకు లాగి కుడతారు. 2 నుంచి 4 గంటలు పడుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటే వాయిదా వేయడమే మేలు. సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి. లేకపోతే రక్తం అందక కుట్ల దగ్గర చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు.

మొదటి వారం నడుము వంచే నడవాలి. నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయి. పడుకునేటప్పుడు వీపు కింద రెండు మూడు దిండ్లు, మోకాళ్ల కింద ఒకటి. అలాగని మంచానికే అతుక్కుపోకూడదు, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. మొదటి రోజు నుంచే గదిలో నాలుగడుగులు వేయాలి.

కోసిన చోట చేరే ద్రవాన్ని బయటికి లాగే గొట్టమే డ్రెయిన్. దాని చివరి బల్బును రోజుకు రెండుసార్లు ఖాళీ చేసి, ఎన్ని మి.లీ. వచ్చిందో రాయండి. బల్బును నొక్కి పట్టుకునే మూత పెట్టాలి. గాలి ఉంటే అది లాగదు. 24 గంటల్లో సుమారు 30 మి.లీ. లోపు వస్తుంటే డాక్టర్ డ్రెయిన్ తీసేస్తారు. తీశాక పొట్టలో నీళ్లు కదిలినట్టుంటే సెరోమా (చర్మం కింద ద్రవం చేరడం) కావచ్చు, సూదితో తీయించుకోవాలి.

పొట్టకు బిగించే బెల్టు సాధారణంగా 6 వారాలు. అన్నాళ్లూ నిండు బిందె ఎత్తొద్దు, చంటిపిల్లనైనా సరే. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లకు దెబ్బ. నీళ్లు, పీచు ఎక్కువ తీసుకోండి.

ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా ఫోన్లతో కాలయాపన వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.