పచ్చ ఆల్చిప్పలతో తీరంలో కాలుష్యాన్ని పట్టుకోవడం ఎలా

సీసాలో సముద్రపు నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపితే ఆ పూట సంగతే తెలుస్తుంది. రాత్రి ఎవరో వ్యర్థాలు వదిలి, తెల్లారేసరికి అవి అలల్లో కలిసిపోతే రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది. రాయిని పట్టుకుని కదలకుండా ఉండే పచ్చ ఆల్చిప్ప (శాస్త్రీయ నామం పెర్నా విరిడిస్) ఆ నీళ్లనే వడకట్టుకుని తింటుంది కాబట్టి వారాల తరబడి తగిలిన దెబ్బ దాని కణాల్లో కనిపిస్తుంది. ఒంట్లో ఎంత విషం చేరిందో కొలవడం వేరు, ఆ విషం ఏం చేసిందో చూడడం వేరు. బయోమార్కర్ అంటే ఈ రెండోది.

విశాఖ తీరమే తీసుకోండి. హార్బర్ దగ్గర ఒక చోటు, కాలువలకీ ఫ్యాక్టరీలకీ వీలైనంత దూరంగా ఇంకో రాళ్ల చోటు ఎంచుకోండి. ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే పోల్చే చోటు సరిగ్గా లేకపోతే తర్వాత ఎంత ఖరీదైన పరీక్ష చేసినా దండగే. రెండు చోట్లా ఒకే సైజువి, ఒకేరోజు ఏరండి. గట్టి వానలు పడి ఉప్పదనం తగ్గినప్పుడు, గుడ్లు వదిలే సీజన్‌లో వద్దు, ఆ టైంలో అవి ఎలాగూ నీరసంగానే ఉంటాయి.

మొదట ఖర్చులేని పరీక్ష. చోటుకి 30–40 చొప్పున తడిగుడ్డ కప్పిన ట్రేలో, నీళ్లు లేకుండా, ఒకే వేడిలో ఉంచి రోజూ చూడండి. నోరు తెరిచి, నొక్కినా మూసుకోనిది చచ్చినట్టు లెక్క. సగం చావడానికి ఎన్ని రోజులు పట్టిందో రాసుకోండి, కలుషితమైన చోటువి సాధారణంగా ముందే పోతాయి. (మిగిలినవి కూర వండేయకండి బాబూ.)

మైక్రోస్కోప్ ఉంటే న్యూట్రల్ రెడ్ అనే ఎర్ర రంగుతో చేసే పరీక్ష చేయండి. చిప్పను మూసే కండరంలోంచి సిరంజితో రక్తం తీసి, దానికి సమానంగా సెలైన్ కలిపి, స్లైడ్ మీద చుక్క వేసి, కణాలు అతుక్కున్నాక రంగు కలపాలి. సగం కణాల్లో లైసోజోముల (కణంలో చెత్తను అరిగించే చిన్న సంచుల) నుంచి రంగు బయటికి కారడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. 120 నిమిషాలు దాటితే ఆరోగ్యం, 50 లోపైతే గట్టి దెబ్బ అని యూరప్‌వాళ్లు వాడే లెక్క చల్లటి సముద్రాల్లోని నీలి ఆల్చిప్పలది. దాన్ని తెచ్చి మనవాటికి అంటించకండి, మీ శుభ్రమైన చోటులో వచ్చిన నిమిషాలే మీకు కొలత.

పురుగుమందుల అనుమానం ఉంటే మొప్పల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ (నరాల పనికి అవసరమైన ఎంజైమ్), కాడ్మియం లాంటి లోహాలైతే జీర్ణగ్రంథిలో మెటలోథయోనిన్ (లోహాలను పట్టుకునే ప్రోటీన్) చూడాలి. ఇవి యూనివర్సిటీ ల్యాబ్‌లో అవ్వాల్సిందే. కోసిన వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయకపోతే మాత్రం వాళ్ల టైమ్ కూడా వేస్ట్.